చెప్పుకోవడానికి ఒక మనిషి

మనసులోని బాధను బయటికి చెప్పుకోవడం ఇద్దరు మనుషుల మధ్య జరిగే పని. చెప్పేవారొకరు, వినేవారొకరు. మానసిక ఆరోగ్యం మీద సాగే ప్రచారం ఎక్కువగా మొదటివారికే బోధ చేస్తుంది. దాచుకోవద్దంటుంది, సిగ్గుపడొద్దంటుంది, నోరు విప్పమంటుంది. ఆ రెండోవారు ఎవరు, ఎంత దూరంలో ఉన్నారు, ఏ భాషలో వింటారు, విన్నది ఎక్కడికి మోసుకెళ్తారు అన్న సంగతులు పోస్టర్ల మీద ఉండవు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ దక్షిణాన, బీజాపూర్ జిల్లా భోపాలపట్నం తాలూకాలోని మద్దేడ్‌లో ఈ సంగతులు తేలనిదే మొదటి మాట పెగలదు.

నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద, భోపాలపట్నానికీ బీజాపూర్‌కూ నడుమ ఉంది మద్దేడ్. ఇంద్రావతి నది దాటితే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, దక్షిణాన అడవి దాటితే తెలంగాణ ములుగు జిల్లా. ఈ తాలూకా ఇళ్లలో తెలుగు, దోర్లి, గోండి వినిపిస్తాయి. బడిలో హిందీ, కచేరీలో హిందీ, ఆస్పత్రి చీటీ మీద హిందీ కాకుంటే ఇంగ్లిష్. బంధుత్వాలూ మిర్చి ఏరే కూలీ గోదావరి వైపు లాగుతుంటే, రేషన్ కార్డూ కులపత్రమూ రాయపూర్ వైపు చూడమంటాయి. తునికాకు, ఇప్పపువ్వు, వానను నమ్ముకున్న వరి ఇక్కడి ఏడాదిని నడిపిస్తాయి. మనిషి తన దిగులును ఎవరితో, ఏ కాలంలో, ఏ మాటల్లో చెప్పుకోగలడన్నది వీటన్నిటి మీదా ఆధారపడి ఉంది.

ఆస్పత్రి గడపలోకి దిగులు తన పేరు చెప్పుకుని రాదు. ఒళ్లంతా గుంజుతోందని, తల బరువెక్కిందని, కడుపులో మంటని, గుండె దడదడలాడుతోందని, తిండి సయించడం లేదని వస్తుంది. "నిద్ర పడ్తలేదు" అన్న మాట చివర్లో, చీటీ రాయడం అయిపోయి లేచి నిలబడ్డాక వస్తుంది. అప్పటికి వెనక వరస పెరిగిపోయి ఉంటుంది. గ్యాస్ మాత్ర, బలం మాత్ర, మరీ అడిగితే ఒక సూది. నెల తిరిగేసరికి మళ్లీ అదే మనిషి, అవే నొప్పులు. కుంగుబాటు ప్రపంచమంతటా చాలాసార్లు ఇలాగే, ఒంటి నొప్పిగానే మొదట సాధారణ వైద్యుడి దగ్గరకు చేరుతుంది. నిద్రనూ ఆకలినీ నొప్పిని తట్టుకునే శక్తినీ అది నిజంగానే దెబ్బతీస్తుంది. ఆ నొప్పిలో అబద్ధం లేదు. ఎప్పటి నుంచి, ఏం జరిగినప్పటి నుంచి అని అడిగే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు ఆ సర్వే లెక్క తేల్చింది. వాళ్లలో వైద్యం అందనివారు రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. అంటే బాధపడుతున్న ప్రతి పదిమందిలో కనీసం ఏడుగురు ఎక్కడా చెప్పుకోలేదు, లేదా చెప్పుకున్నా అది వైద్యం దాకా పోలేదు. ఈ రెండూ వేరు వేరు కష్టాలు. రెండోదాన్ని లెక్కలోకి తీసుకోకుండా మొదటిదాన్ని సిగ్గు కింద జమకట్టడం అన్యాయం.

సిగ్గు లేదని కాదు. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది" అన్న సామెత తెలుగు ఇళ్లలో పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ వినిపిస్తుంది. మనసు బాగాలేదన్న మాట ఒక్కసారి బయట పడితే "వానికి కొంచెం తిక్క" అని పేరు పడుతుంది. ఆ పేరు చెల్లెలి పెళ్లి దాకా, అన్న కొడుకు పెళ్లి దాకా వెంటాడుతుంది. మూర్ఛకూ మతిస్థిమితం తప్పడానికీ, బాలింత దిగులుకూ దయ్యం పట్టడానికీ తేడా ఎవరూ చెప్పకపోవడంతో అన్నిటికీ ఒకటే ముద్ర. ఈ భయం మద్దేడ్‌కు ప్రత్యేకం కాదు, వరంగల్‌లోనూ ఉంది, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ ఉంది.

మద్దేడ్ చుట్టుపక్కల మౌనానికి ఇంకో మూలం ఉంది. అది సిగ్గు కన్నా లోతైనది. 2005 జూన్‌లో ఇదే ప్రాంతంలో, కుట్రు వైపు పల్లెల్లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాలకు చేరితే, కొందరు అడవి లోపలికి పోయారు, ఇంకెందరో హద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. అక్కడివాళ్లు వారిని గుత్తికోయలన్నారు. గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. అప్పటికి ఆరేళ్లు గడిచాయి. అన్న ఒక పక్క, తమ్ముడు ఇంకో పక్క నిలబడ్డ కుటుంబాలు మిగిలాయి.

ఆ ఏళ్లలో మాటకు ప్రాణం ఖరీదుండేది. పోలీసులతో మాట్లాడితే ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో మావోయిస్టుల చేతిలో చనిపోయినవారున్నారు. అడవిలోని వారికి అన్నం పెట్టారన్న అనుమానంతో జైలుకు పోయినవారున్నారు. "ఎవరొచ్చారు, ఎటు పోయారు, ఏం మాట్లాడారు" అన్న ప్రశ్న రెండు వైపుల నుంచీ వచ్చేది. దానికి పనికొచ్చే జవాబు ఒకటే: తెలియదు. తల్లులు పిల్లలకు ఆ జవాబు నేర్పారు. తెలియదు అనడం ఆ పిల్లలను కాపాడింది. ఇరవై ఏళ్లు బతికించిన అలవాటును తెల్లకోటు వేసుకున్న కొత్త మనిషి వచ్చి, చేతిలో కాగితం పట్టుకుని, "మీ బాధ ఏమిటో నిస్సంకోచంగా చెప్పండి" అనగానే వదిలెయ్యడం ఎవరికైనా సాధ్యమా? కాగితం మీద రాసుకునేవాళ్లంటేనే ఇక్కడ గుండె ఝల్లుమంటుంది. మనసు గురించి అడిగేవారు ముందు ఆ కాగితాన్ని పక్కన పెట్టాలి. ఎందుకు అడుగుతున్నారో, చెప్పింది ఎవరి చేతికి వెళ్తుందో ముందు వాళ్లే చెప్పుకోవాలి.

కొన్ని దుఃఖాలకు మాట దొరకాలంటే లోకం కూడా కొంత ఒప్పుకోవాల్సి ఉంటుంది. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సర్కెగూడలో బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. చనిపోయినవారు మావోయిస్టులని అధికారులన్నారు, కాదని ఊరివాళ్లన్నారు. మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయ విచారణ కమిషన్ ఇచ్చిన నివేదిక 2019లో వెలుగులోకి వచ్చింది. కొడుకు పోయిన తల్లి ఆ ఏడేళ్లూ ఏడవడానికి కూడా ముందు తన కొడుకు ఎవరో రుజువు చెయ్యాల్సి వచ్చింది. అలాంటి ఇంట్లో కౌన్సెలింగ్ అన్న మాట వాడే ముందు చాలా ఆలోచించాలి. జరిగింది జరిగిందని ఎవరో పెద్దవాళ్లు నలుగురిలో అనడం కూడా ఒక వైద్యమే.

యూనిఫాం వేసుకున్నవారి కష్టం మరో తీరు. ఎక్కడో బిహార్ నుంచో ఆంధ్ర నుంచో వచ్చి, ఇనుపకంచె లోపల నెలల తరబడి, ఇంటికి ఫోన్ కూడా సరిగా కలవని శిబిరాల్లో ఉండే జవాన్లు. 2021 నవంబరు 8న సుక్మా జిల్లా మరాయిగూడ దగ్గరి సీఆర్పీఎఫ్ శిబిరంలో ఒక జవాను తోటివారి మీదే కాల్పులు జరిపితే నలుగురు చనిపోయారు. బస్తర్‌లో జవాన్ల ఆత్మహత్యల వార్తలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. నిద్ర పట్టడం లేదని పై అధికారికి చెప్తే తుపాకీ తీసుకుంటారు, ప్రమోషన్ ఆగుతుంది, మొగతనం మీద మాట పడుతుంది అన్న భయం అక్కడిది. అడవికి ఈ పక్కా ఆ పక్కా ఉన్నవాళ్లను ఒకే రకం మౌనం పట్టుకుంది.

బళ్లు కూలిపోయిన పల్లెల పిల్లల కోసం 2011 ప్రాంతంలో పోర్టా కేబిన్ ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. చదువు దక్కింది, అన్నం దక్కింది. ఆరేడేళ్ల పిల్ల అమ్మ భాష వదిలి, హిందీ పుస్తకం పట్టుకుని, రేకుల గదిలో పడుకోవాల్సి వచ్చింది. పక్క తడిపిన పిల్లను చిన్నబుచ్చకుండా ఉతికిన దుప్పటి ఇచ్చే ఆయమ్మ ఉంటే ఆ పిల్ల రెండో రోజున ఏదో ఒకటి చెప్తుంది. అలాంటి ఆయమ్మ ఏ శాఖ మానసిక ఆరోగ్య లెక్కల్లోనూ కనిపించదు.

ఇంత మౌనం ఉన్న చోట పాత కాలపు పద్ధతులేవీ లేవనుకోవద్దు. చావు ఇంట్లో ఆడవాళ్లు శోకాలు పెడతారు. పోయినవాడి మంచిని తలుచుకుంటూ, తన కష్టం, అత్తింటి ఆరళ్లు, తీరని బాకీ, అన్నీ రాగంలో చెప్పేసుకుంటారు. ఆ ఒక్క సమయంలో ఎవరూ తప్పు పట్టరు. పక్కనున్న ఆడవాళ్లు భుజం మీద చెయ్యి వేసి కూర్చుంటారే గాని ఊరుకోమనరు. ఏడుపు దానంతట అది సన్నగిల్లే దాకా ఆగుతారు. వినడమంటే ఎలా ఉండాలో చూపించే పద్ధతి ఇంతకన్నా మంచిది దొరకదు. మగవాళ్లకు ఆ వీలు లేదు. వాళ్లకు కల్లు, ఇప్పసారా. రెండు దొప్పలు తాగాక నోరు లేస్తుంది, కన్నీళ్లు వస్తాయి, పేర్లు బయటికొస్తాయి. తెల్లారితే చెప్పినవాడు గుర్తులేదంటాడు, విన్నవాడు విననట్టే ఉంటాడు. ఆ మర్యాద వల్ల స్నేహం నిలుస్తుంది గాని బాధ ఎక్కడిదక్కడే ఉంటుంది, తాగుడు మాత్రం పెరుగుతుంది.

జబ్బు మనిషిని ఊరి పూజారులైన వడ్డె దగ్గరికో సిరహా దగ్గరికో తీసుకెళ్లడం మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్లు అక్కడ జరిగేది ఒకసారి దగ్గరగా చూడాలి. ఇంటివాళ్లంతా కూర్చోవాలి. ఏ మొక్కు తీరలేదు, ఎవరితో తగువుంది, ఏ చావు తంతు సగంలో ఆగింది అని అడుగుతాడు. రోగి ఒక్కడి లోపమన్నట్టు మాట్లాడడు. ఇంటిల్లిపాదికీ, చనిపోయిన పెద్దలకీ, దేవతకీ అందులో పాలు పెడతాడు. అడిగేది తమ భాషలో, తెలిసిన మనిషి. ఈ గుణాలు ఏ ఆరోగ్య కేంద్రంలోనూ దొరకవు. ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. తప్పెవరిదో తేల్చాల్సి వచ్చినప్పుడు వేలు ఒక ముసలమ్మ వైపో, భర్త పోయిన ఒంటరి ఆడమనిషి వైపో చూపిస్తే ఒకరి దిగులు ఇంకొకరి ప్రాణం మీదికొస్తుంది. టోనహీ, అంటే మంత్రగత్తె, అన్న పేరుతో ఆడవాళ్లను హింసించడాన్ని నేరం చేస్తూ ఛత్తీస్‌గఢ్ 2005లో ప్రత్యేక చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది. వడ్డెను శత్రువును చేసుకోకుండానే, నిద్ర పోనివాళ్లనూ తిండి మానినవాళ్లనూ చావు మాటలు మాట్లాడేవాళ్లనూ ఆస్పత్రికి కూడా పంపమని అతనితో ఒప్పందానికి రావడం మేలు. మొక్కూ మాత్రా ఒకే ఇంట్లో ఇమడగలవు.

చెప్పుకోలేకపోవడం ఎక్కడికి దారి తీస్తుందో బస్తర్‌లో పాత దాఖలా ఉంది. వెరియర్ ఎల్విన్ 1943లో ప్రచురించిన మరియా మర్డర్ అండ్ సూయిసైడ్ పుస్తకం మరియా గోండుల మధ్య జరిగిన 100 హత్యలనూ 50 ఆత్మహత్యలనూ పరిశీలించింది. ఇంటి తగువులు, తాగుడు, చేతబడి అనుమానం, తగ్గని జబ్బు, దుఃఖం ఆ పేజీల నిండా ఉన్నాయి. ఆ దుఃఖం కాగితం మీదికెక్కింది ప్రాణం పోయాకే. ఇప్పటి లెక్కలూ చావుల లెక్కలే. జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రకారం 2022లో దేశంలో లక్ష జనాభాకు 12.4 మంది ఆత్మహత్య చేసుకుంటే ఛత్తీస్‌గఢ్‌లో 28.2, పక్కనున్న తెలంగాణలో 26.3. హద్దుకు రెండు వైపులా దేశ సగటుకు రెండింతలకు పైనే.

చట్టం మాత్రం చాలా దూరం నడిచింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వం నడిపే సేవల్లో వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు, రోగి చెప్పిన విషయం గోప్యంగా ఉంచడం హక్కు, గొలుసులతో కట్టెయ్యడం నిషిద్ధం. ఆ నిషేధం వెనక 2001 ఆగస్టు 6 ఉంది. తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక చనిపోయిన రోజది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని అదే చట్టం 115వ సెక్షన్ చెప్తుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత 309వ సెక్షన్‌కు చోటివ్వలేదు. ఈ సంగతి ఊళ్లకు ఇంకా చేరాల్సి ఉంది. పోలీసు కేసవుతుందన్న భయంతో కుటుంబాలు ఇప్పటికీ ఆస్పత్రిలో "పొరపాటున జరిగింది" అని చెప్తాయి. పొరపాటని రాసుకున్న చోట ఒంటికి వైద్యం జరిగి, మనసును ఎవరూ అడగకుండానే ఇంటికి పంపేస్తారు.

దూరం సంగతి చెప్పుకోవాలి. రాష్ట్ర మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ దగ్గర సేంద్రిలో ఉంది. మద్దేడ్ నుంచి 500 కిలోమీటర్లకు పైనే. రాష్ట్రంలోని దగ్గరి వైద్య కళాశాల జగదల్‌పూర్‌లో. తెలుగు మాట్లాడే డాక్టరు కావాలంటే వరంగల్ వైపు పోవాలి. అక్కడ రాష్ట్రం మారుతుంది, కార్డు చెల్లుతుందో లేదో గాని మాట చెల్లుతుంది. అందుకే డబ్బు ఖర్చయినా దక్షిణం బస్సు ఎక్కేవాళ్లున్నారు. వాళ్ల ఎంపికలో తెలివి ఉంది.

నిపుణులు లేని చోట వినేవాళ్లను తయారు చెయ్యడం కుదురుతుందా అన్నదానికి లోకంలో జవాబు దొరికింది. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్‌లో ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఒక బెంచీ, దాని మీద శిక్షణ పొందిన అవ్వ. వచ్చినవారిని షోనా భాషలో, అక్కడి వాడుక మాటలతో కూర్చిన 14 ప్రశ్నలు అడుగుతుంది. తర్వాత కష్టాల్లోంచి ఒక్కటి ఎంచుకుని, దాని మీద ఏం చెయ్యొచ్చో ఇద్దరూ కలిసి తేలుస్తారు. ఈ పద్ధతిలో సాయం పొందినవారిలో కుంగుబాటు స్పష్టంగా తగ్గిందని 2016లో వెలువడిన అధ్యయనం చూపించింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం, సంగత్ సంస్థ, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇలాంటి ఫలితమే సాధించాయి.

మద్దేడ్‌కు ఎక్కువ పనికొచ్చే ఉదాహరణ అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు మొదట గిరిజన గ్రామాల్లోనే అడుగుపెట్టింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి తెలుగులో ప్రశ్నలు అడిగారు. అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చూశాడు. మందు వాడుతున్నారా లేదా అని మళ్లీ ఆశానే వెళ్లి చూసింది. దానికన్నా ముందు ఊళ్లో వీధి నాటకం వేశారు, జబ్బు చేసి కోలుకున్న మనిషి తన కథ తానే చెప్పుకున్న వీడియో చూపించారు. మనసు జబ్బు మీద ఊరివాళ్ల చులకన భావం తగ్గినట్టు తర్వాత జరిపిన సర్వేల్లో తేలింది. కోలుకున్న మనిషి నలుగురిలో నిలబడి మాట్లాడ్డం వెయ్యి కరపత్రాల పెట్టు.

ఛత్తీస్‌గఢ్‌కు ఆశా కన్నా ముందే మితానిన్ అనే ఊరి ఆరోగ్య కార్యకర్త ఉంది. 2002లో మొదలైన ఆ కార్యక్రమంలో ఇప్పుడు 60 వేలకు పైగా ఆడవాళ్లున్నారు. పల్లె పల్లెకూ, వాడ వాడకూ ఒకరు. ఆమెది ఆ ఊరే, ఆ భాషే. కాన్పు రాత్రి వచ్చిన మనిషి, మలేరియా మాత్ర ఇచ్చిన మనిషి. ఆమె అడిగితే చెప్తారు. ఎలా అడుగుతుందన్నది ముఖ్యం. కుంగుబాటును గుర్తించడానికి ప్రపంచమంతటా వాడే ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న, గత 2 వారాల్లో పనుల మీద ఆసక్తి, ఆనందం తగ్గాయా అని ఉంటుంది. ఆ ముక్క అలాగే చదివితే ఎదుటి మనిషి "ఏముంది, బాగానే ఉన్నం" అంటుంది. మంచి మితానిన్ తునికాకు కట్టలు కడుతున్న ఆమె పక్కన కూర్చుని తనూ నాలుగు ఆకులు పేరుస్తుంది. "వదినె, మొన్నటి సంతకు రాలేదేంది?" అంటుంది. "పోబుద్ది కాలే." "పోయిన సంతకు?" "ఏ సంతకూ పోబుద్ది కాలే." "తింటున్నవా?" "పిల్లలకు వండుతున్న." ఆమె తింటోందా అన్నదానికి అది జవాబు కాదని మితానిన్‌కు అర్థమవుతుంది. ఆకు పేర్చడం ఆపదు. "రాత్రి లేసి కూసుంటున్నవట, మీ చిన్నది చెప్పింది." అప్పుడొక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి మాటతో నింపకుండా ఉండగలగడమే ఆమెకు నేర్పాల్సిన అసలు విద్య.

ఆమె మీద పడే బరువు కూడా తక్కువది కాదు. వినేవాళ్లకు వినేవాళ్లుండాలి. తాను విన్న కష్టాన్ని, పేరు చెప్పకుండా, నెలకోసారి తోటి మితానిన్లతో, నర్సుతో పంచుకునే వీలు లేకపోతే ఏడాదికే అలసిపోతుంది. ఊళ్లో రహస్యం నిలవడం కష్టం. భోపాలపట్నం బస్సు దిగేలోపు కబురు అక్కడికి చేరి ఉంటుంది. అందుకే మితానిన్ శిక్షణలో జబ్బు గుర్తుల కన్నా ముందు పాఠం, విన్నది భర్తకు కూడా చెప్పకూడదన్నది. ఆస్పత్రిలో డాక్టరు హిందీలో అడిగితే జవాబును తెలుగులోంచో గోండిలోంచో మార్చి చెప్పేది చాలాసార్లు కొడుకో మరిదో అయి ఉంటాడు. మొగుడు కొడుతున్నాడన్న మాట ఆ దారిలో డాక్టరు చెవిన పడదు. ఆ పని కూడా మితానిన్‌కో నర్సుకో అప్పగించాలి.

అందరినీ మాట్లాడించి తీరాలన్న పట్టుదల మంచిది కాదు. ఘోరం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్కసారిగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు లోకమంతా వాడింది. దానివల్ల తర్వాతి కాలంలో మనోగాయం తగ్గలేదని, కొందరికి కీడే చేసిందని పరిశోధనలు తేల్చాక ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంది. ముందు భద్రత, తిండి, తనవాళ్ల ఆచూకీ; ఆ తర్వాత, ఆ మనిషి కోరుకుంటే, మాట. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ములుగు జిల్లా పేరూరు మిర్చి తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని ఇంటికి నడిచి వస్తూ 12 ఏళ్ల పాప దారిలో చనిపోయింది. ఆమెతో నడిచినవాళ్లు ఆ దారి గురించి ఎప్పుడు మాట్లాడాలో, అసలు మాట్లాడాలో వద్దో తేల్చుకునే హక్కు వాళ్లదే. మౌనంగా ఉండనివ్వడం, అప్పుడప్పుడూ వచ్చి పలకరించి పోవడం కూడా వినడం కిందికే వస్తుంది.

ఒక్క ప్రశ్న విషయంలో మాత్రం వెనకాడకూడదు. చావాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదని పరిశోధనలు గట్టిగా చెప్తున్నాయి. అడిగినప్పుడు చాలామందికి గుండె తేలికపడుతుంది, ఎవరో కనిపెట్టారన్న ధైర్యం వస్తుంది. అవునని జవాబొస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, పురుగుమందుల్లాంటివి చేతికందకుండా చూడాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. భాష ఎంచుకునే వీలుంది, అందులో తెలుగూ హిందీ ఉన్నాయి. రహదారి మీది మద్దేడ్‌కు అది పనికొస్తుంది. సిగ్నల్ అందని లోపలి పల్లెలకు మనిషే వెళ్లాలి.

చెప్పుకున్నాక జరగాల్సిన పని పెద్దది. కుంగుబాటు మందులు పని చెయ్యడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఆ మొదటి వారాల్లో కడుపులో తిప్పుతుంది, గుణం కనిపించదు. చాలామంది అక్కడే మానేస్తారు. ఈ సంగతి మొదటి రోజే, ఇంటి మనిషి ఎదుట, ఇంటి భాషలో చెప్పాలి. బాగయ్యాక కూడా కనీసం 6 నుంచి 9 నెలలు వాడాలి. నిమ్హాన్స్ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ డాక్టర్లకు వీడియో ద్వారా ఈ వైద్యంలో శిక్షణ ఇస్తూ వచ్చింది, కాబట్టి మొదటి చీటీ కోసం ప్రతి ఒక్కరూ జగదల్‌పూర్ పోనక్కర్లేకుండా చెయ్యడం సాధ్యమే. మందు నిల్వ భోపాలపట్నంలో, వీలైతే మద్దేడ్‌లోనే ఉండాలి. జూన్ దాటితే వాగులు పొంగి లోపలి పల్లెలకు దారి తెగుతుంది గనుక, వానలు పడే ముందే 3 నెలల మాత్రలు మితానిన్ దగ్గర పెట్టి, వారానికి సరిపడా ఇంటివారి చేతికిస్తూ ఉండాలి.